అత్తగారి ఒప్పుదల

పొద్దున కాఫీ దిగేసరికే ఆ ఇంట్లో ముగ్గురూ మూడు దిక్కులైపోయారు. కమలవేణి వంటింట్లో ఇడ్లీ పాత్ర ముందు, కొడుకు ఆనంద్‌బాబు వరండాలో పేపరు వెనక, కోడలు షర్మిళ పడకగదిలో ఇస్త్రీ చేసిన చీర ముందు. తమిళనాడు ధర్మపురి బజారులో చింతపండు మండీ నడిపే తెలుగువాళ్ల ఇల్లది. మామూలుగా పొద్దున్నే ఆ ఇంటి గోలలో ఒకరి మాట ఒకరికి వినబడదు. ఇవాళ మనుమరాలు మోహనప్రియ కూడా మారాం చేయకుండా స్కూలు వ్యానెక్కి పోయింది.

సంగతి కొత్తదేమీ కాదు, నెల నుంచీ నలుగుతున్నదే. షర్మిళ ఇంజనీరింగు చదివి, ఇంట్లో కూర్చునే బెంగుళూరు కంపెనీకి పని చేసేది. ఉన్నట్టుండి ఆ ఉద్యోగం మానేసి నర్సింగ్ డిగ్రీ చదువుతానంది. సేలం దగ్గర ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టింది. ఈ రోజు ఇంటర్వ్యూ. పెళ్లయిన ఆడవాళ్లను ఇంటివాళ్లు చదువు మధ్యలో మాన్పించి తీసుకుపోతున్నారని, ఆ కాలేజీవాళ్లు ఇంటి పెద్దను వెంట రమ్మంటారు. షర్మిళకు వయసు చూస్తే ఇదే ఆఖరి అవకాశం. వచ్చే ఏడు దరఖాస్తు పెట్టినా తీసుకోరు.

"అమ్మ సరేనంటే నాకూ సరే" అని ఆనంద్‌బాబు ఎప్పుడో చల్లగా తప్పుకున్నాడు. భారమంతా తల్లి నెత్తిన పెట్టి, తాను మాత్రం మంచివాడుగా మిగిలిపోయాడు.

షర్మిళ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అత్తా, ఇంకొంచెం సేపట్లో బయలుదేరాల. మీరు వస్తారా?"

"వచ్చినా వద్దనే చెప్తాను. అది తెలిసీ పిలుస్తా ఉండావా?"

"తెలుసు. అయినా అడగాల కదా."

కమలవేణి ఇడ్లీ గుడ్డ మీద నీళ్లు చల్లింది. ఆమెకు కోడలంటే కోపం లేదు. నిజానికి ఇష్టమే. ఆ ఇష్టం వల్లనే నోరు మరికాస్త లేస్తుంది.

"నర్సు పని తక్కువని నేను చెప్పలే. చేసేవాళ్లు పుణ్యాత్ములే. కానీ మన ఇంటి కోడలు పరాయి మగవాళ్ల ఒళ్లు తుడిచేదా? మీ మామ ముందర నువ్వు ఒక్కనాడైనా కుర్చీలో కూర్చున్నావా? నేను మా మామ ముందర కూర్చోలే. మా అత్త కూడా అంతే."

అది నిజమే. ఆ ఇంట్లో కోడలు మామగారికి నీళ్లిచ్చినా చెంబు గట్టు మీద పెట్టి పక్కకు జరగాలి. చేతికి చేయి తగలకూడదు.

షర్మిళ తల వంచుకుంది. అది చూసి కమలవేణికి ఇంకా ఊపు వచ్చింది.

"మీ మామ ఆస్పత్రిలో పడినప్పుడు ఎవరు చేసినారు? నా కొడుకు చేసినాడు. ఒళ్లు తుడిచి, గడ్డం గీసి, తల దువ్వి, పెండ్లికొడుకు మాదిరి నాకు తెచ్చి ఇచ్చినాడు. మగవాళ్లకి మగవాళ్లు చేయాల. అదీ పద్ధతి."

రెండేళ్ల కిందట భర్త పళనిస్వామికి పక్షవాతం వచ్చి సేలం ఆస్పత్రిలో చేర్చినప్పుడు కమలవేణి వెంట పోలేదు. ఆయన తిరిగి వచ్చేదాకా దీపం కొండెక్కనివ్వనని అమ్మవారికి మొక్కుకుంది. నూనె పోసుకుంటూ పూజగదిలోనే కూర్చుంది. ఆస్పత్రికి రమ్మని కబురు వచ్చినా కదలలేదు, కాలు బయటపెడితే ఆయనకేమవుతుందోనని భయం. దీపం ఆరలేదు గానీ మనిషి దక్కలేదు. వచ్చిన శవం ముఖం మాత్రం శుభ్రంగా, ఆయన మండీకి బయలుదేరేటప్పుడు ఉన్నట్టే ఉంది. ఆమెకు మిగిలిన ఓదార్పు అదొక్కటే. అప్పటినుంచీ చుట్టాల్లో ఎవరు కనబడినా కొడుకు చేసిన సేవ గురించి చెప్పుకుని కళ్లు తుడుచుకుంటుంది.

వరండాలో పేపరు మడిచిన చప్పుడైంది. ఆనంద్‌బాబు లోపలికి వచ్చాడు.

"అమ్మా, నేను చేయలే."

"ఏందిరా?"

"నాయనకి నేను ఏమీ చేయలే. గదిలోకి పోతే నాకు కాళ్లాడలే. ఆయన నోరు పక్కకి పోయింది, పక్క తడిపేసుకుంటా ఉండినాడు. నేను వరండాలోనే నిలబడినాను, చివరిదాకా. అంతా షర్మిళే చేసింది."

కమలవేణి కోడలి వైపు చూసింది. షర్మిళ కాదనలేదు.

"ఊరంతా చెప్పుకుంటిని కదరా."

"నువ్వు చెప్పినప్పుడంతా నోరు తెరవాలనుకున్నాను. రాలేదమ్మా. ఇప్పుడు కూడా నీ మీద తోసేసి ఊరుకున్నాను. చేసినదాన్ని పట్టుకొని, చేయకూడదు అంటా ఉంటే ఇంక వినలేను."

కమలవేణి పొయ్యి కట్టేసింది. పీట మీద కూలబడింది. కోపం ఎవరి మీద రావాలో ఆమెకు తెలియలేదు. మామను ముట్టుకున్న కోడలి మీదా, ముట్టుకోని కొడుకు మీదా, దీపం వదలని తన మీదా? ఆ చివరిదాని దగ్గరే ఆమె ఆగిపోయింది.

"నువ్వెందుకు చెప్పలే?" అంది కోడలితో.

"కొడుకు చేసినాడనే కదా మీరు ధైర్యంగా ఉండింది. అది కూడా తీసేసేదా అత్తా?"

కమలవేణి తలెత్తి అడిగింది. "నీ చేయి తగిలితే ఆయన ఏమి చేసినాడు?"

"మొదట ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఏడ్చినాడు. నాకూ ఎట్ల చేయాలో తెలియలే. ఇళవరసి అని ఒక నర్సక్క ఉండింది. ఎట్ల తిప్పాల, ఎక్కడ గుడ్డ కప్పి తుడిస్తే మనిషి సిగ్గుపడడో, ఆమె నేర్పించింది. తర్వాత మామే నా చేయి కోసం చూసేవాడు. గడ్డం ఆయనే గీయమన్నాడు అత్తా. మాట సరిగా రాలే, మెల్లగా చెప్పినాడు. ఈ గడ్డంతో ఇంటికి పోతే కమల తిడుతుంది, అన్నాడు."

కమలవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంత అదిమినా ఏడుపు ఆగలేదు. ఆయన ఇంటికి వస్తాననుకున్నాడు. తన కోసమే తయారయ్యాడు. ఆ మాట వినవలసిన మనిషి దీపం ముందు కూర్చుని ఉంది, విన్న మనిషి ఇంతకాలం దాన్ని ఒంటరిగా మోసింది. షర్మిళ పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఆనంద్‌బాబు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఏడుపు తగ్గాక కమలవేణి లేచి ముఖం కడుక్కుంది.

"బస్సు పోయిందా?"

"ఇంకొకటి ఉంది."

"వాడిని మోటారుబండి తీయమను, స్టాండు దాకా దింపుతాడు. నేను చీర మార్చుకుంటాను."

కాలేజీ హాలు నిండా ప్లస్ టూ ముగించిన పిల్లలే. షర్మిళను చూసి ఎవరి అక్కో అనుకున్నారు. గదిలోకి పిలిచాక ప్రిన్సిపాల్ షర్మిళకు చాలా ప్రశ్నలే వేసింది. ఆఖరున కమలవేణి వైపు తిరిగి తమిళంలో అడిగింది.

"రాత్రి డ్యూటీలు ఉంటాయమ్మా. మగవాళ్ల వార్డులు ఉంటాయి. రేపు మీరే వద్దంటే ఒక సీటు వృథా అవుతుంది. మీకు సమ్మతమేనా?"

పొద్దున అయితే ఒక్క మాటలో తెగిపోయేది. కమలవేణి గొంతు సవరించుకుని తమిళంలోనే జవాబు చెప్పింది.

"నా భర్తకు చివరిదాకా అన్నీ ఈ అమ్మాయే చేసింది. నేను దగ్గర లేను. ఇంకెవరి భర్తో, ఎవరి తండ్రో అలాగే పడి ఉంటాడు. వాళ్లకూ ఒక చేయి కావాలి కదా. చదివించండి."

ఆ మాట అంటూనే కోడలి చేయి పట్టుకుంది. కాపురానికి వచ్చిన నాటినుంచి అత్తగారి ముందు ఒక్కసారి కూడా ఏడవని షర్మిళ అప్పుడు ఏడ్చింది.