యాప్రాల్‌లో కొండమాట

ఆ మంగళవారం పొద్దున యాప్రాల్‌లోని రమణబాబు ఇంట్లో అన్నీ రోజూలాగే మొదలయ్యాయి. కుక్కర్ కూత పెట్టింది. దేవిక కూతురు సత్యవేణికి టిఫిన్ డబ్బా సర్దుతూనే కాఫీ వడగడుతోంది. మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాబ్ వీధి చివర హారన్ కొడుతుంటే రమణబాబు ఒంటి సాక్సుతో రెండోదాని కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు.

"అత్తయ్యా, కాఫీ," అంటూ దేవిక గ్లాసు తీసుకెళ్లి మరిడమ్మ మంచం పక్కన పెట్టింది.

మరిడమ్మకు డెబ్బై దాటాయి. కిందటి నెల పెద్ద జ్వరం వచ్చి, ఆస్పత్రిలో ఒళ్లు తెలియకుండా పడి ఉండి, ఎలాగో తేరుకుని ఇంటికొచ్చింది. మామూలుగా అయితే ఈపాటికి, "ఏటే, నీ కాపీ ఇంకా అవనేదా?" అని వంటింటి దాకా కేకేసే మనిషి. ఆ రోజు గ్లాసు వైపు చూసింది, కోడలి వైపు చూసింది, ఏదో అంది.

దేవికకు అర్థం కాలేదు. కట్టుడు పళ్లు పెట్టుకోలేదేమో అనుకుంది. "ఏంటత్తయ్యా?"

మరిడమ్మ మళ్లీ అంది. తడబాటు లేకుండా, నింపాదిగా, ఒక వాక్యం వెనక ఇంకో వాక్యం. గొంతు ఆమెదే. మాటలు మాత్రం తెలుగు కావు. హిందీ కావు, ఒరియా కావు. చివర్లో ప్రశ్న అడిగినట్టు గొంతు పైకి లేపి, జవాబు కోసం కోడలి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

దేవిక గుమ్మం వైపు వెనక్కి నడిచింది. "ఏవండీ," అని పిలిచింది. "ఒకసారి ఇలా రండి. తొందరగా రండి."

ఆ రోజు రమణబాబు ఆఫీసుకు వెళ్లలేదు. సాయంత్రం బొల్లారంలో ఒక నరాల డాక్టరుకు చూపించారు. ఆయన స్కానింగ్ ఫిల్ము చూసి, మరిడమ్మను కాసేపు మాట్లాడించి, పెన్ను కింద పెట్టాడు.

"ఇది పలవరింత కాదండీ. ఆవిడ పద్ధతిగా మాట్లాడుతున్నారు. పెద్ద జ్వరాల తర్వాత అరుదుగా ఇలా జరుగుతుంది. తర్వాత నేర్చుకున్న భాష చెరిగిపోయి, చిన్నప్పటిది మిగులుతుంది. ఆవిడ పుట్టింటి భాష ఏది?"

"తెలుగే," అన్నాడు రమణబాబు.

డాక్టరు అతని వైపు వింతగా చూశాడు. "కాదనుకుంటాను."

రమణబాబు తండ్రి ఎల్లాజీ రైల్వేలో గుమాస్తాగా సాలూరు వైపు నుంచి వచ్చి మెట్టుగూడ క్వార్టర్లలో స్థిరపడినవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మరిడమ్మ తరఫు చుట్టాలంటూ ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. ఎందుకని దేవిక ఏనాడూ అడగలేదు. ఆ రాత్రి అడిగింది.

"నాకేం తెలుసు?" అని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాటి నుంచి మరిడమ్మ పొద్దున్నే గేటు తీసుకుని పక్క జాగాలోకి వెళ్లడం మొదలుపెట్టింది.

కాలనీ పక్కన పెద్ద ఖాళీ జాగా ఉంది. బండరాళ్లు, వాటి సందుల్లో మనిషెత్తు పొదలు, మోదుగులు, వానలకు మోకాళ్ల దాకా లేచిన గడ్డి. అందరూ దాన్ని పిచ్చిమొక్కల జాగా అంటారు. పాములొస్తున్నాయని, దోమలని, దాన్ని చదును చేయించమని బిల్డరు చుట్టూ తిరిగి ఒప్పించింది రమణబాబే. కాలనీ సంఘానికి అతనే కార్యదర్శి. ఆ వారాంతంలో జేసీబీ రావాలి.

నానమ్మ పడిపోతుందేమోనన్న భయంతో సత్యవేణి కాలేజీ మానేసి వెనకే వెళ్లింది. లోపల అడుగుపెట్టగానే రోడ్డు చప్పుడు తెగిపోయింది. మరిడమ్మ ప్రతి మొక్క దగ్గరా ఆగి, దాని ఆకు మీద వేలు పెట్టి, ఒక మాట అంటోంది. అని ఆగుతోంది. వరసలో పిల్లల పేర్లు పిలిచి 'ఉన్నాను' అనేదాకా చూసే పంతులమ్మలా ఉంది ఆ తీరు. సత్యవేణి కంటికి అంతా ఒకటే పచ్చదనం. నానమ్మ వేలు తాకిన తర్వాతే ఒక్కో మొక్కా దాని చుట్టుపక్కల వాటి నుంచి విడివడి కనిపించసాగింది.

ఒక బండ దగ్గర మరిడమ్మ పెదవులు ముడిచి సన్నగా ఏదో శబ్దం చేసింది. గడ్డి కదిలింది. కంజు పిట్టలు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చి, భయం లేకుండా ఆమె పాదాల చుట్టూ తిరిగి, మళ్లీ గడ్డిలోకి వెళ్లిపోయాయి.

సత్యవేణి ఇంకో అడుగు వేయబోయింది. మరిడమ్మ ఆమె మణికట్టు పట్టి వెనక్కి గుంజి, రెండక్షరాల మాట ఒకటి అంది. చిన్నగానే అంది. సత్యవేణి కిందికి చూసింది. ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. చాలాసేపు చూస్తే, ఆ ఆకుల్లో ఒక చోట ఊపిరి తీస్తున్నట్టు కదిలింది. రక్తపింజర, చుట్ట చుట్టుకుని ఉంది.

వాళ్లు బయటికొచ్చేసరికి గేటు దగ్గర దేవికతో పాటు ఎదురింటి శ్యామలమ్మ నిలబడి ఉంది. తాతల కాలం నుంచి యాప్రాల్‌లోనే ఉన్న మనిషి.

"నీ అత్తకు గాలి సోకిందని గల్లీల అందరు అంటున్రు దేవికమ్మా. గాలి లేదు గీలి లేదు. జెర సూడు, ఆమె కొంగుల ఏమున్నదో."

కొంగులో ఆకులున్నాయి. శ్యామలమ్మ ఒక్కోటీ తీసి చూసింది. "ఇది తుమ్మికూర. ఇది పొన్నగంటి. గిది మా అమ్మ వండేది, నేను సుత మరిశిన." గునుగు పువ్వు ఒకటి మరిడమ్మకు చూపించి, "బతుకమ్మ," అంది. మరిడమ్మ అదే పువ్వుకు తన మాట చెప్పింది. ఇద్దరు ముసలమ్మలూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. దేవికకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్లు తన చేతి అన్నం తిన్న మనిషి లోపల ఇంకో మనిషి ఉండిందా అన్న భయం ఆమెను వదల్లేదు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర సత్యవేణి పొద్దున జరిగింది చెప్పింది. "నానమ్మ నన్ను లాగి, ఏమందో తెలుసా?" అని, ఆ రెండక్షరాల మాటను విన్నది విన్నట్టే పలికింది.

రమణబాబు రెండు కాళ్లూ చటుక్కున కుర్చీ మీదికి తీసుకున్నాడు.

అందరూ అతని వైపు చూశారు. చేతిలో ముద్ద అలాగే ఉంది. తను ఏం చేశాడో అప్పుడే తెలిసినట్టు అతను తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"మీకు ఆ మాట తెలుసా?" దేవిక అడిగింది.

"తెలీదు." కాళ్లు మెల్లగా కిందికి దించాడు. "ఆ మాట ఇంకెప్పుడూ ఈ ఇంట్లో అనొద్దు. ఆ జాగాలోకి ఎవరూ వెళ్లొద్దు."

శనివారం జేసీబీ వచ్చింది. పొద్దు వాలేసరికి సగం జాగా ఎర్రమట్టి అయింది. కాలనీవాళ్లు డాబాలెక్కి చూసి, ఎంత హాయిగా ఉందో అనుకున్నారు. ఆ సాయంత్రం వాన పడింది. వాన వెలిసినా ఒక్క కప్ప అరవలేదు. కీచురాళ్లు లేవు. ఎక్కడో బోరు మోటారు గుర్రుమంటున్న మోత తప్ప ఏమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దంలో అందరూ ఎందుకో గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

ఆదివారం పొద్దున మరిడమ్మ ఆ ఎర్రమట్టిలోకి నడిచింది. ఏ మొక్క ఎక్కడుండేదో కాళ్లకు తెలిసినట్టు ఒక చోట ఆగి, గాలిలోకి వేలు చాపి నోరు తెరిచింది. మాట రాలేదు. ఇంకో చోటికి వెళ్లింది. అక్కడా రాలేదు. నోరు తెరుచుకోవడం, మూసుకోవడం, అంతే. చివరికి బురద కాళ్లతో ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి కూర్చుంది. తెలుగు ముందే పోయింది. ఇప్పుడు రెండోదీ లేదు. ఎవరు పిలిచినా పలకలేదు, అన్నం ముట్టలేదు.

సత్యవేణి తండ్రి ముందుకొచ్చి నిలబడింది. "నానమ్మ మాటలన్నీ అక్కడే ఉన్నాయి నాన్నా. మొక్కను ముట్టుకుంటేనే మాట వచ్చేది. నువ్వు రెండూ కలిపి మట్టిలో పూడ్చేశావు."

"పాము కరిచి నువ్వు చస్తే? ఎవరి కోసం చేయించాను ఇదంతా?"

"ఆ పామును చూపించింది నానమ్మే. ఆ మాట నీకూ తెలుసు. కాళ్లు పైకెందుకు తీశావు?"

"తెలీదన్నానా!" రమణబాబు అరిచాడు. ఆ అరుపుకు మరిడమ్మ ఉలిక్కిపడి, ఏదో దెబ్బ కాచుకుంటున్నట్టు మోచేయి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

అది చూసి అతను కూలబడిపోయాడు. ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "మా నాన్న... కొండ వదిలి క్వార్టర్లకొచ్చాక అమ్మ ఆ భాషలో నాతో మాట్లాడితే, 'కొండోళ్ల కూతలు నలుగురూ వింటే నా పరువేటౌతాది' అని కొట్టేవాడు. ఓ రోజు బాగా కొట్టాడు. ఆ తర్వాత అమ్మ మళ్లీ అలా మాట్లాడలేదు. నేను వినలేదు. అంతా మర్చిపోయాననుకున్నాను."

దేవిక అత్తగారి దగ్గరికి వెళ్లి, ఆ మోచేతిని మెల్లగా కిందికి దించి, బురద కాళ్లు తడిగుడ్డతో తుడిచింది. అత్తగారంటే తనకున్న భయం ఆ క్షణాన్నే పోయింది.

సోమవారం తెల్లారేసరికి మరిడమ్మ మంచం ఖాళీగా ఉంది. గేటు బార్లా తీసి ఉంది. అప్పటికే మిగిలిన సగంలో జేసీబీ పని మొదలైంది.

ముగ్గురూ పరిగెత్తారు. పొదలు మనిషెత్తు, వాటి మీద పల్చటి మంచు. లోపల ఎవరున్నారో కనిపించదు. రమణబాబు చేతులూపి మిషన్ ఆపించాడు. డ్రైవర్ కంగారుగా కిందికి దిగాడు. "అమ్మా!" అని పిలిచాడు రమణబాబు. "నానమ్మా!" అని సత్యవేణి. జవాబు లేదు. ఆకు కదల్లేదు. మిషన్ ఇనుప తొట్టి కింద నలిగిన కొమ్మల వాసన గుప్పుమంటోంది. దేవిక ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడు రమణబాబు నోటి నుంచి ఒక కేక వచ్చింది. అది మాటో కూతో సత్యవేణికి తెలియలేదు. గొంతు అడుగు నుంచి లేచి, చివర్న విరిగి, పైకి తేలిపోయే కేక. అడవిలో ఆకు కోసుకునే తల్లిని వెతుక్కునే పిల్లాడి కేక. పిలిచినవాడే బెదిరిపోయి నోటి మీద చేయి పెట్టుకున్నాడు.

పొదల్లోంచి జవాబు వచ్చింది. అదే కేక, ముసలి గొంతుతో. ఆ వెంటనే బండల వైపు నుంచి ఒకటి. మోదుగుల వెనక నుంచి ఇంకొకటి.

"ఇంకా ఎవరున్నారు సార్ లోపల?" డ్రైవర్ మిషన్ వైపు వెనక్కి జరిగాడు.

ఎవరూ లేరు. రమణబాబు కొమ్మలు తోసుకుంటూ వెళ్లేసరికి మరిడమ్మ ఒక్కతే పొదల మధ్య కూర్చుని ఉంది. కొడుకు ముఖాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని ఏదో అంది. అతను వెతుక్కుని, వెతుక్కుని, రెండు మాటలు తిరిగి చెప్పాడు. చెప్పి, చిన్నపిల్లాడిలా ఆమె ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ వారం కాలనీ మీటింగులో పెద్ద గొడవే జరిగింది. మిగిలిన సగం లేఅవుట్ ప్రకారం పార్కు జాగా అని, దాన్ని ఉన్నది ఉన్నట్టే వదిలేద్దామని రమణబాబు అన్నాడు.

"నిన్నటి దాకా తీసేయాలన్నది మీరేగా సెక్రటరీ గారూ?" అన్నాడు వెంకటరత్నం అనే రిటైర్డు ఆఫీసరు.

"నేనేనండీ. తప్పు నాదే."

శ్యామలమ్మ వెనక వరసలోంచి లేచింది. "గీ జాగ పాయె అంటే బతుకమ్మకు గునుగు యాడికెళ్లి తెస్తరు? మార్కెట్ల కొంటరా? పువ్వు లేకుంటే పాట ఎవని కోసం?" ఆమె వెనకే ఆడవాళ్లంతా లేచారు. చుట్టూ కంచె వేసి, నడవడానికి ఒక బాట తీసి, తక్కినదంతా వదిలేయడానికి చివరికి ఒప్పందం కుదిరింది.

మరిడమ్మ మళ్లీ మాట్లాడసాగింది. మిగిలిన సగంలో ఏ మొక్కలున్నాయో వాటి మాటలన్నీ తిరిగొచ్చాయి. రమణబాబు పక్కనే నడుస్తూ అర్థం చెప్పేవాడు. ఒక మొక్క పేరుకు 'వాన చెప్పేది' అని అర్థమట. దాన్నే శ్యామలమ్మ దగ్గుకు మందు అంటుంది. సత్యవేణికి అప్పుడు తట్టింది, ఒక్కో భాష ఒక్కో వైపు నుంచి అదే మొక్కను చూసిందని, ఒక్కటి పోయినా ఆ వైపు ఎవరికీ కనిపించదని.

ఒక సాయంత్రం అందరూ వరండాలో కూర్చుని ఉండగా సత్యవేణి అడిగింది. "నాన్నా, ఆ రోజు మూడు వైపుల నుంచి పలికారు కదా. నానమ్మ ఒక్కతే ఉంది. మిగతావాళ్లు ఎవరో అడుగు."

రమణబాబు తడుముకుంటూ అడిగాడు. మరిడమ్మ అదేం ప్రశ్న అన్నట్టు చూసి, నిదానంగా జవాబు చెప్పింది.

"ఏమన్నారండీ?" అంది దేవిక.

"పేరు పెట్టి పిలిచేవాళ్లు లేక ఊరుకున్నవాళ్లట. పిలిస్తే పలుకుతారట."

లేచి వరండా అంచుకు వెళ్లి, పొదలున్న వైపు తిరిగి, అతను ఆ కేక పెట్టాడు. కాసేపటికి మోదుగుల్లోంచి జవాబు వచ్చింది. దేవిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత అతను ఎర్రమట్టి వైపు తిరిగి పిలిచాడు. ఆగాడు. మళ్లీ పిలిచాడు. చీకటి పడి, లోపలికి రమ్మని దేవిక భుజం పట్టుకునే దాకా, అతను అటే చెవి పెట్టి నిలబడి ఉన్నాడు.