లంగరు ఎత్తిన పిల్ల

గోనెసంచీలోంచి బల్ల మీద దబ్బుమని పడ్డ స్టార్టర్ మోటారును చూడగానే శాలేమురాజుకు నవ్వొచ్చింది. ఆపుకోవలసింది. ఆపుకోలేదు.

తెనాలి స్టేషను దగ్గర మహబూబ్ సుభాని మోటారు వైండింగు షాపులో అతను ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. కాలిన మోటారును వాసన చూసి జబ్బు చెప్పేస్తాడని పేరు. దీనికి ఆ అవసరం కూడా లేదు. లోపలి రాగితీగంతా బొగ్గయిపోయి ఉంది.

"ఎంతసేపు నడిపారండి దీన్ని?"

"ఐదు నిమిషాలు."

"ఐదు నిమిషాలా! లారీ స్టార్టయ్యేదాకా రెండు సెకన్లు తిరిగి పడుకునే సరుకండి ఇది. దీంతో పిండి రుబ్బారా ఏంటి?"

"లంగరు లాగాను," అంది ఆ అమ్మాయి. "నవ్వడం అయిపోతే చెప్పండి. చేస్తారా, ఇంకో షాపు చూసుకోనా?"

అప్పుడు తలెత్తి చూశాడు. పొద్దుటి రేపల్లె పాసింజరు దిగి, అంత బరువూ భుజాన మోసుకొచ్చిన మనిషి. వానకు జడ తడిసి ఉంది, అరచేతుల్లో తాడు కోసిన గీతలున్నాయి. కళ్లు మాత్రం నవ్వితే కొట్టేటట్టున్నాయి.

షాపుకొచ్చే ఆడవాళ్లందరినీ "చెప్పు చెల్లెమ్మా" అనడం శాలేమురాజుకు అలవాటు. ఆ మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఏరా, రోజూ అందరికీ అన్నయ్యవేగా?" అన్నాడు లోపల్నుంచి సుభాని. "ఇవాళ గొంతుకేం అడ్డం పడింది?"

ఆ అమ్మాయి పేరు షారోన్. ఊరు రేపల్లె అవతల, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పల్లెపాలెం. నాన్న జ్ఞానానందానికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో పడవ నడపగలడు. వల షారోన్ లాగగలదు. లంగరు దగ్గరే వచ్చింది చిక్కంతా. సొంతంగా లంగరు ఎత్తలేని పడవ మొగ దాటకూడదని పాలెంలో కట్టుబాటు. ఒకసారి గాలివానలో లంగరు లేవక ఒక పడవ మునిగిపోయాక పెట్టుకున్నది. అందుకే వాళ్ల పడవ నాలుగు నెలలుగా ఒడ్డునే పడి ఉంది.

"పడవ అమ్మేసి కుట్టుమిషను కొనుక్కోమంటున్నారు," అంది షారోన్. "నేను కుట్టను. సముద్రానికే పోతాను. ఒక్క చేత్తో నొక్కితే లంగరు పైకి రావాలి. చేసిస్తారా?"

శాలేమురాజు ఆ కాలిన మోటారును పక్కకు నెట్టి, పెన్సిలు తీసుకున్నాడు.

"దీన్ని మర్చిపోండి. లారీ వైపర్ మోటారు కావాలి. నెమ్మదిగా తిరుగుతుంది, బలంగా తిరుగుతుంది. కరెంటు ఆపేసినా లోపలి మర వెనక్కి జారదు. దానికి సైకిలు చైను తగిలించి, తాడు చుట్టుకునే ఇనుప గొట్టం తిప్పుదాం. ట్రాక్టరు బ్యాటరీ సరిపోతుంది."

"అంత తెలిసినవారు ఇందాక నవ్వకుండా చెప్పచ్చుగా?"

"తప్పయిందండి," అన్నాడు. తప్పు ఒప్పుకోవడం అతనికి అదే మొదటిసారి. సుభాని పని ఆపి మరీ చూశాడు.

వైపర్ మోటారు కోసం ఇద్దరూ బాపట్ల వెళ్లారు. ఇద్దరూ వెళ్లక్కర్లేదు, అతనొక్కడే వెళ్లి తేవచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పాత సామాన్ల కొట్టు దగ్గర వాన పట్టుకుంది. రేకు కింద చోటు ఒక మనిషికే ఉంది కాబట్టి ఇద్దరూ సగం సగం తడిశారు.

"సముద్రం ఎప్పుడైనా చూశారా?" అడిగింది షారోన్.

"చూడకేం? సూర్యలంక వెళ్లి మిరపకాయ బజ్జీలు తిన్నాను."

"పడవెక్కారా?"

"ఎక్కితే దిగాలిగా. ఎందుకండీ రెండు పనులు?"

ఆమె నవ్వింది. లారీ హారన్లూ వాన చప్పుడూ ఏవీ అతనికి వినపడలేదు. మోటార్ల మీద తప్ప దేని మీదా మనసు పెట్టని తనకు ఈ పిల్ల కావాలని, ఆ తుప్పు సామాన్ల మధ్య నిలబడి ఉండగానే తెలిసిపోయింది.

చైనూ పళ్లచక్రాలూ బిగించి, ఉప్పునీళ్లు తగలకుండా మోటారు మీద ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి, అంచులకు గ్రీజు పట్టించేసరికి మూడు వారాలు పట్టింది. పాలెంలో ఇది విని ఒకటే నవ్వులు. వంటగదిలోని మిక్సీ తెచ్చి పడవలో పెడుతున్నారట అనుకున్నారు. షారోన్ ఊరుకోలేదు. "మీ పడవలకు ఇంజన్లు పెట్టినప్పుడు తెడ్లు సిగ్గుపడ్డాయా?" అని నిలబెట్టి అడిగింది.

మిషను పాలెం చేరాక, ఫోన్లో డబ్బులు అయిపోకుండా ఇద్దరూ ఒక లెక్క పెట్టుకున్నారు. ఒక మిస్డ్ కాల్ వస్తే మిషను నడుస్తోందని. రెండొస్తే ఏదో కాలిందని. ఒకరోజు సాయంత్రం మూడొచ్చాయి. శాలేమురాజు కంగారుపడి తనే చేశాడు.

"ఏంటండీ, ఏమైంది?"

"ఏం కాలేదు. ఊరికే."

అతను ఆ "ఊరికే"ని నాలుగు రోజులు తలుచుకున్నాడు. అదే వారం ఒక మోటారుకు తీగ తిరగేసి చుట్టాడు. సుభాని చూసి, "దీనికి మందు నా దగ్గర లేదురా," అన్నాడు.

మిషను లంగరు ఎత్తగలదో లేదో పాలెం తేల్చే పరీక్ష ఆదివారం, గుడిలో ప్రార్థన అయ్యాక. పాలెం పెద్ద సుందరయ్య తనే పడవెక్కి, మొగ దగ్గర అలలు తిరగబడే చోటు చూసి, తన చేత్తో లంగరు వేశాడు. పడవ వెనక చుక్కాని దగ్గర జ్ఞానానందం, ముందు మిషను దగ్గర షారోన్, మధ్యలో పడవ అంచు కావలించుకుని శాలేమురాజు. పొద్దున తిన్న ఇడ్లీలు అప్పటికే ఏటి పాలయ్యాయి.

"ఇంజను తోడు పట్టకూడదు. మిషనుతోనే ఎత్తాలి," అన్నాడు సుందరయ్య. "లేవకపోతే పడవ అమ్మెయ్యాలి. మాటేగా?"

"మాటే పెదనాన్నా," అంది షారోన్.

స్విచ్చి నొక్కింది. తాడు చుట్టుకుంది, బిగిసింది. మోటారు మూలిగింది. చైను కదలడం మానేసింది.

"ఆపండి! కాలిపోద్ది!" అరిచాడు శాలేమురాజు.

ఆమె చెయ్యి తీసింది. ఒడ్డు మీద ఈలలు వినపడ్డాయి. శాలేమురాజుకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇనుము బరువెంతో లెక్కేశాడు. మొగలో ఒండ్రు లంగరును ఎంత గట్టిగా పట్టుకుంటుందో తెనాలిలో కూర్చున్న అతనికి తట్టలేదు. తన లెక్క తప్పినందుకు ఆ పిల్ల పడవ పోతోంది.

"తప్పు నాదండి. బురద సంగతి నాకు తెలీదు. ఇంకో వారం గడువివ్వండి, పెద్ద మోటారు కడతాను."

"చాల్లే బాబూ. తాడిటియ్యమ్మా," అని సుందరయ్య చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి," అంది షారోన్.

ఆమె మిషను వంక చూడటం లేదు. పడవ ముక్కు వంక చూస్తోంది. ముక్కు కిందికి దిగింది. తాడు జానెడు వదులైంది. టక్కున స్విచ్చి నొక్కి ఆ జానెడూ చుట్టేసింది, చెయ్యి తీసేసింది. మర వెనక్కి జారలేదు. వెనకే వచ్చిన అల పడవను పైకెత్తింది. బిగిసిన తాడు ఝుమ్మంది. అడుగున లంగరు రవ్వంత కదిలింది.

"రాజుగారూ, చూశారా? లాగాల్సింది మీ మోటారు కాదు. పడవే లాగుతుంది. ఇది పట్టుకుని ఉంటే చాలు!"

మళ్లీ ముక్కు దిగింది. మళ్లీ టక్కు. శాలేమురాజు వాంతులు మర్చిపోయి మోటారు మీద అరచెయ్యి పెట్టి వేడి చూస్తూ, "ఇంకో రెండు సెకన్లు నొక్కచ్చు... ఆపు... ఇప్పుడు నొక్కు," అంటున్నాడు. ఎప్పుడు 'అండి' మానేశాడో ఇద్దరూ గమనించలేదు. ఏడో అలకు పడవ ఒక్కసారి ఎగిరినట్టయింది. ఆ తర్వాత చైను గలగలా తిరిగి, నల్లటి బురద కారుతూ లంగరు నీళ్లపైకి వచ్చింది.

సుందరయ్య గొంతు సవరించుకున్నాడు. "మిషను ఎత్తింది. అలెత్తింది. పిల్ల ఎత్తలేదుగా?"

పక్షవాతంతో మాట ముద్దముద్దగా వచ్చినా, జ్ఞానానందం గట్టిగానే అన్నాడు.

"ముప్పయ్యేళ్లు నేనెత్తింది నా కండతోనా సుందరయ్యా? నువ్వెత్తుతోంది నీ కండతోనా? అల దిగితే తాడు బిగించాం, అల లేస్తే పట్టుకున్నాం. ఈ పనే చేశాం మనం కూడా. నా బిడ్డకి అది ఎవరూ నేర్పలేదు. నువ్వు నేర్పావా? నేను నేర్పానా?"

సుందరయ్య లంగరు వంక చూశాడు, షారోన్ వంక చూశాడు. "రేపు ఎన్నింటికి దాటతారు?" అని అడిగాడు.

షారోన్ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. సుందరయ్యను అతని పడవ దగ్గర దింపి ఒడ్డుకు వస్తుంటే, శాలేమురాజుకు కడుపులో మళ్లీ మొదలైంది.

"నీకో మాట చెప్పాలి," అన్నాడు.

"వాంతికి ముందా, తర్వాతా?"

"మధ్యలో. నువ్వంటే నాకిష్టం. పెళ్లి చేసుకుంటావా?"

ఆమె నవ్వలేదు. "చూడండి, తెనాలొచ్చి మీకు క్యారేజీ కట్టి పంపేదాన్ని కాదు నేను. రోజూ మొగ దాటతాను. పెళ్లయినా దాటతాను, పిల్లలు పుట్టినా దాటతాను."

"దాటు. రేపల్లెలో షాపు పెడతాను. మా వాళ్లు తిడతారు, తిట్టనీ. నేను మాత్రం పడవెక్కను. నావల్ల కాదు."

"పెళ్లాన్ని సముద్రానికి పంపి ఒడ్డున కూర్చున్నాడని నవ్వుతారు."

"మొదట నవ్వింది నేనేగా? నవ్వినవాడి గతి ఏమైందో చూస్తున్నావుగా?"

"చెవులకి రాలేదబ్బాయ్ నాకు పక్షవాతం," అన్నాడు వెనక నుంచి జ్ఞానానందం.

శాలేమురాజు బిక్కచచ్చిపోయాడు. "మరి... మీరేమంటారండి?"

"దాని పడవ. దాని ఇష్టం. చేతులు కలపమంటే నా దగ్గర ఎడంచెయ్యే ఉంది. పరవాలేదా?"

"పరవాలేదు నాన్నా," అంది షారోన్, అతను నోరు తెరిచేలోపే.

సోమవారం తెల్లవారుతుండగా పడవలు బయల్దేరాయి. మగవాళ్లను సాగనంపడానికి ఆడవాళ్లు ఒడ్డున వరసగా నిలబడి ఉన్నారు. చివరి పడవలో షారోన్ చొక్కా చేతులు పైకి మడుచుకుని మిషను పక్కన నిలబడింది. ఇటు తిరిగి ఒక్కసారి చెయ్యి ఊపింది. శాలేమురాజు పరుగున వచ్చి ఆడవాళ్ల వరసలో దూరాడు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు కొందరు.

"బాబూ, ఇది పెళ్లాలు నిలబడే చోటు," అంది లక్ష్మమ్మ అనే పెద్దావిడ.

"తెలుసు పిన్నీ," అన్నాడతను, పడవ మీంచి చూపు తిప్పకుండా. "కాస్త జరగండి."