పద్దెనిమిది కిలోహెర్ట్జ్

ఏజెంట్ బాలకిషన్‌ని చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో చంపారు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఇంకా ఉన్నాయి.

"మాధురి పని," అన్నాడు చీఫ్ రమాకాంత్. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ బోర్డు తగిలించుకున్న సీక్రెట్ ఆఫీసు అది. "మన ఏజెంటే. విదేశీ ముఠాకీ పనిచేస్తోంది. బాలకిషన్ ఆఖరి రిపోర్ట్ ఇది. సైంటిస్ట్ కాశీవిశ్వనాథం గారి కారులో, డ్రైవర్ సీటు కింద చిన్న బాంబ్. సీట్లో మనిషికి సరిపోతుంది. ఆయన దగ్గర సెక్రటరీగా చేరి ఆమె పంపిన పాటలో, రెండో నిమిషం దగ్గర, పద్దెనిమిది కిలోహెర్ట్జ్ సిగ్నల్. మన చెవికి వినపడదు. బాంబ్‌కి వినపడుతుంది."

"మరి పేలలేదేం సర్?" అడిగాడు అభిజిత్.

"నెట్ ప్యాక్ అయిపోతుందని ఆయన పాటల యాప్‌ని లో క్వాలిటీలో పెట్టుకున్నాడు. అందులో ఇలాంటి పై సౌండ్లు కోసేస్తారు. ముఠా టెస్ట్ చేసింది వాళ్ల దేశపు నెట్ మీద." చీఫ్ నవ్వలేదు. "సౌండ్ బాగు చేయించడానికి మాధురి ఇవాళ ఆయన కారు షాపుకి తెస్తోంది. నిన్నామె ఎప్పుడూ చూడలేదు, మెకానిక్‌గా వెళ్లు. ఆమె వెనకున్న వాడి పేరు కావాలి. లేకపోతే రేపు ఇంకో కారు."

నారాయణగూడ. కార్ డెకార్ షాపు వెనక షెడ్. గ్రీజు చొక్కాలో అభిజిత్.

"మా సార్ పాటలు రేకు డబ్బాల మోగినట్టున్నయ్," అంది మాధురి, సైంటిస్ట్ ఫోన్ అందిస్తూ. నల్లద్దాలు, ఖరీదైన సెంటు.

"బ్లూటూత్‌ల పాట నలుగుతది మేడమ్. కేబుల్ ఏస్త. యాప్‌ల హై క్వాలిటీ పెడ్త."

అరగంట పట్టింది. ఏదో పాత పాట పెట్టి, ఆమెను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు. పాటలో చిడతల చప్పుడు కూడా విడిగా వినిపించింది. మాధురి స్టీరింగ్ మీద వేళ్లతో దరువేసింది.

"గుడ్. గిదే కావాలె."

క్లిక్. రెండు చేతులూ స్టీరింగ్‌కి బేడీ.

అభిజిత్ షట్టర్ దింపాడు. పొడుగాటి కేబుల్ లాక్కుంటూ గోడ చాటుకి వెళ్లి, సైంటిస్ట్ ఫోన్‌లో ఆమె పంపిన పాట నొక్కాడు. బఫరింగ్. చక్రం తిరిగింది. పాట మొదలైంది.

"ఆపు. వాళ్లు మా చెల్లెను చంపుతరు."

"బాలకిషన్‌కి గూడ చెల్లె ఉంది. పొద్దున నేనే పోయి చెప్పిన. నీ ఎనకున్నోని పేరు చెప్పు."

నిమిషం యాభై. ఆమె బేడీలు గుంజింది. మణికట్టు చీరుకుపోయింది.

నిమిషం యాభై ఎనిమిది.

"జగన్మోహన్. హైదర్‌గూడ, కళ్లద్దాల షాపు."

కేబుల్ పీకాడు. తన ఫోన్‌లో చీఫ్‌కి ఆ పేరు చెప్పి, పాటను మళ్లీ మొదటికి తెచ్చి నిలబడ్డాడు. ఇరవై నిమిషాలకు జవాబొచ్చింది. "దొరికాడు."

బేడీలు విప్పుతుంటే ఆమె సీటు కిందికి చూసింది.

"బాంబ్ ముందే తీసేసి ఉంటరు గద?"

"మీరు పెట్టుకున్న సామాన్ మేమెందుకు ముట్టుకుంటం మేడమ్?"