ఒక్క ఓవర్ మిగిలిన గ్రౌండు

చొప్పదండి అవతల ఆ పల్లెలో దీపాలు పెట్టాక క్రికెట్ గ్రౌండు వైపు ఎవరూ పోరు. అమాసనాటి రాత్రి పిచ్ దానంతటదే అలుక్కుంటుందట... పొద్దున చూస్తే పచ్చి పేడ వాసన!

ఒకప్పుడది వడ్లు తొక్కించే కల్లం. కుర్రాళ్లు మూడు కట్టెలు పాతి వికెట్లన్నారు. కల్లం అలికే యాదవ్వనే పిలిచి పిచ్ అలికించారు. చుట్టుపక్కల ఊళ్లకు మొదటి గ్రౌండు అదే. దానికి మొదటి కెప్టెన్ ఓంప్రకాశ్.

యాభై దాటినా వాడి పొగరు దిగలేదు. గ్రౌండుకు తన పేరుతో బోర్డు రాయించి టోర్నమెంటు పెట్టాడు. పోరగాళ్లేమో దయ్యముంది, మేం ఆడం అన్నారు. బోర్డు వట్టిదైపోతుందని వాడి ఏడుపు.

“దయ్యం లేదు, గియ్యం లేదు. నేనే పట్టుకొస్త,” అని అమాసనాడు టార్చిలైటుతో బయలుదేరాడు.

దయ్యం ఎవరిదంటున్నారో వాడికి తెలియదా? హనుమంతుది— యాదవ్వ ఒక్కగానొక్క కొడుకు. ఓంప్రకాశ్ కెప్టెన్‌గా ఆడిన ఆనాటి ఫైనల్లో ఫీల్డింగ్ చేస్తుంటే కార్కు బంతి కణతకు తగిలి కూలిపోయాడు. యాదవ్వ ఉరికొచ్చి ఓంప్రకాశ్ కాళ్లు పట్టుకుంది. ఊళ్లో ట్రాక్టరున్నది వాళ్లింట్లోనే.

“ఒక్క ఓవరే ఉన్నదవ్వా. మ్యాచ్ అయినంక దవాఖానకు తీస్కపోత,” అన్నాడు. పిల్లాణ్ని తుమ్మచెట్టు కింద దుప్పటి మీద పడుకోబెట్టారు. ఓవర్ సగంలోనే వాడి ఊపిరి పోయింది. ఆట అక్కడే ఆగింది. పాపిష్టి మనిషి ఓంప్రకాశ్, ఆ రాత్రి కడుపునిండా తిన్నాడట కూడా.

ఇప్పుడు వాడు గ్రౌండులో అడుగుపెట్టగానే... సర్... సర్... అలుకుతున్న చప్పుడు.

టార్చి వేశాడు. పేడ బకెట్. ముడతల చెయ్యి. మంచం పట్టిందని ఊరంతా అనుకునే యాదవ్వ!

ఓంప్రకాశ్ పగలబడి నవ్వాడు. “నువ్వా అవ్వా! ఊరంత పరేషాన్ చేస్తివి గదా. గీ రాత్రిపూట ఎందుకలుకుతున్నవ్?”

“మెల్లగ...” చెట్టు వైపు చూసి గుసగుసలాడింది. “పోరడు పండుకున్నడు. ఇంక సగం ఓవర్ ఉన్నది గదా బిడ్డా. మీరు ఆడితెనే వాన్ని దవాఖానకు తీస్కపోతరు.”

నవ్వు ఆగిపోయింది. ఎలాగైనా వదిలించుకోవాలని నోటికొచ్చింది అనేశాడు— “మ్యాచ్ అయిపోయిందవ్వా.”

యాదవ్వ ముఖం వెలిగిపోయింది. “అయిపోయిందా! అయితె పా...”

వాడి చెయ్యి పట్టి చెట్టు కిందికి లాక్కుపోయింది. అక్కడ దుప్పటి పరిచి ఉంది. ఖాళీ దుప్పటి.

“నేను కాళ్లకాడ పట్టుకుంట. నువ్వు తలకాడ పట్టు బిడ్డా. జర పైలం.”

పిచ్చిదానితో వాదనెందుకని ఓంప్రకాశ్ వంగి, రెండు కొసలూ పట్టి లేపాడు...

బరువుగా ఉంది.