గ్రీజు పూసిన బుష్

డిటెక్టివ్ జయకుమారి కుర్చీ చూపించినా జానీబీ కూర్చోలేదు. ఆమె భర్త ఇషాక్ పొదిలిలో మిర్చి వ్యాపారి పేరయ్యకు కారు డ్రైవరు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ అనే ఇనుప చట్రంలో కుదుపు తగ్గించే బుష్ చిరిగి, కారు కల్వర్టును గుద్దింది. పేరయ్య తమ్ముడి కాలు విరిగింది. తాను పాలీయూరితేన్ అనే ఖరీదైన ప్లాస్టిక్ బుష్‌లు వేస్తే ఇషాక్ వాటిని అమ్ముకుని చవక రబ్బరువి బిగించాడని మెకానిక్ బుల్లయ్య చెప్పాడు. ఆ మాట మీదే పేరయ్య తన కొట్టులో అందరి ముందూ ఇషాక్‌ను దొంగని, లాకప్‌లో వేయించాడు.

"మా ఆయన్ని ఒక్కమాట అడిగినోళ్లు లేరమ్మా," అంది జానీబీ.

జయకుమారి సహాయకురాలు మహిమకు ఒళ్లు మండిపోయింది. ఏం జరిగినా ముందు డ్రైవరు మీదే పడతారు, అడిగేవాడు లేడుగా! జయకుమారి మాత్రం నెమ్మదిగా చేతిసంచీ అందుకుంది.

షెడ్డులో బుల్లయ్య మర్యాదగానే మాట్లాడాడు. రబ్బరు మెత్తన, కుదుపు తెలియదుగానీ త్వరగా పోతుందన్నాడు. పసుపు రంగు పాలీయూరితేన్ గట్టిదట, గ్రీజు పూయకపోతే కీచుమంటుందట. ఏ బుష్ అయినా బలంగా నొక్కి తీసే ప్రెస్ మిషను లేనిదే ఊడదని, ఊళ్లో ప్రెస్ ఉన్నది తన దగ్గరేనని గొప్పగా చెప్పాడు. లాకప్‌లో ఇషాక్‌ను అడిగితే, రబ్బరుకు గ్రీజు తగిలితే ఉబ్బి కుళ్లిపోతుందని, అందుకే సబ్బునీళ్లతోనే ఎక్కిస్తారని చెప్పాడు.

మర్నాడు జయకుమారి అందరినీ పేరయ్య మిర్చి కొట్టుకు రప్పించింది. హమాలీలూ మూటలు దించి నిలబడ్డారు. ఆమె కారులోంచి తెచ్చిన చిరిగిన బుష్‌ను బల్లమీద పెట్టింది. నల్ల రబ్బరు ఉబ్బి, జిగురుగా ఉంది.

"పేరయ్యగారూ, షెడ్డు నుంచి కారు వచ్చిన రోజు కొత్త బుష్‌లు చూశారా?"

"బుల్లయ్యే వంగి చూపించాడండి. నిండా గ్రీజే. గట్టి రకానికి అదే గుర్తన్నాడు."

"పసుపు రంగు కనిపించిందా?"

పేరయ్య తల అడ్డంగా ఊపాడు.

"కనిపించదు, లేదు గనక. గట్టి రకానికి డబ్బు తీసుకుని బుల్లయ్య వేసింది రబ్బరే. రంగు దాచడానికి గ్రీజు పూశాడు. ఆ గ్రీజే రబ్బరును తినేసింది. ఇషాక్ మార్చాడంటారా? ప్రెస్ బుల్లయ్య దగ్గరే ఉంది. పైగా గ్రీజు తగిలితే రబ్బరు కుళ్లుతుందని ఇషాక్‌కు తెలుసు, ఆ తెలివితక్కువ పని అతను చెయ్యడు."

బుల్లయ్య మెల్లగా గుమ్మం వైపు జరిగాడు. మహిమకు అతని చెంప పగలగొట్టాలనిపించింది.

స్టేషన్‌కు ఫోన్ చేసి ఇషాక్‌ను విడిపిస్తానన్నాడు పేరయ్య. జానీబీ అడ్డొచ్చింది.

"ఫోనొద్దయ్యా. ఈ కొట్టులోనే, వీళ్లందరి ముందే దొంగన్నారు. మీరే వెళ్లి తీసుకురండి. ఇక్కడే నిలబెట్టి, కాదని చెప్పండి."

పేరయ్య హమాలీల వైపు చూశాడు. ఒక్కరూ మూట ఎత్తలేదు. ఆయన చెప్పులు వేసుకుని స్టేషన్ వైపు నడిచాడు.