పేరు చూడకుండా దిద్దిన పోస్టర్

పాల ప్యాకెట్ కోసం తలుపు తీసిన అమ్మాయికి గేటు మీద తడి ఆరని పోస్టర్ కనిపించింది. పోస్టర్లు ఆమెకు కొత్తేమీ కాదు. పగలు ప్రెస్సులో ప్రూఫులు, సాయంత్రాలు తప్పుచేసినవాళ్ళను వీధిలో నిలబెట్టే ఒక సంఘం పోస్టర్లు దిద్దడమే ఆమె పని. ఇదీ మొన్న తాను దిద్దిందే. ఫోటోలో ఉన్నది మాత్రం మేనత్త.

అమ్మ పోయాక ఆమెను కడుపులో పెట్టుకుని పెంచిన అత్త. బట్టలు కుట్టే యూనిట్లో సూపర్‌వైజరు. మూడు రోజులుగా జ్వరమని పనికి పోవడం లేదు; అక్కడ నిప్పంటుకుందని ఇంట్లో చెప్పనేలేదు. ఆమె మొహం కింద పెద్ద అక్షరాలు: "పని మధ్యలో ఎవరూ బయటికి పోకుండా వెనక తలుపుకి తాళం వేసింది. పొగ కమ్మగానే తాళంచెవితో సహా పారిపోయింది. కుట్టుపని చేసే ఒకామె కిటికీలోంచి దూకి నడుము విరగ్గొట్టుకుంది." ఆ కింద ఇంటి అడ్రసు. చివరగా, "ఈమెను వీధిలో తలెత్తుకు తిరగనివ్వకండి."

ఆ చివరి వాక్యం అమ్మాయిదే. అక్కడ "ఈమె జవాబు చెప్పాలి" అని ఉంటే, చప్పగా ఉందని కొట్టేసి మరీ రాసింది. దిద్దేవాళ్ళకు పేరూ, ఫోటో, అడ్రసూ చూపించకూడదన్నది సంఘం నియమం. చూస్తే జాలి అడ్డొస్తుందట. ఆ నియమం పెట్టిన మహాతల్లి కూడా ఈ అమ్మాయే.

రోడ్డు అవతల ఇద్దరు మగవాళ్ళు ఇంటివైపే చూస్తూ నిలబడ్డారు. ఆమె లోపలికొచ్చి సంఘం కార్యదర్శికి ఫోన్ చేసేసరికి ఆరుగురయ్యారు.

"అక్కా, ఆవిడ మా అత్త. బయట జనం చేరుతున్నారు. అడ్రసైనా తీసేయించండి."

"పోయిన నెల మనం పోస్టర్ వేసిన లారీ డ్రైవర్ కొడుకు ఇదే అడిగాడు. నువ్వేం చెప్పావో గుర్తుందా?"

గుర్తుంది. "ఆ ఆలోచన మీ నాన్నకుండాల్సింది" అని ఫోన్ పెట్టేసింది. ఆ అబ్బాయికి పట్టుమని పదిహేనేళ్ళు లేవు. ఈసారి కూడా తనే ఫోన్ పెట్టేసింది.

వంటింట్లో టీ పొంగి స్టవ్ మీద పోతున్నా అత్త కదల్లేదు. నాన్న కిటికీలు మూస్తున్నాడు.

"తాళం వేశావా అత్తా?"

"వేశాను. ఓనరు వెయ్యమన్నాడు."

"పొగ వచ్చాక?"

"పారిపొమ్మని మాత్రం ఎవరూ చెప్పలేదే తల్లీ. ప్రాణభయంతో ముందు మెట్ల మీంచి దిగిపోయాను. నేను దిగాక ఆ మెట్లనీ పొగ కమ్మేసింది. రోడ్డు మీదికొచ్చాక చూసుకుంటే తాళంచెవి గుప్పిట్లోనే ఉంది. రోజూ ఆ దూకినామె ఉన్న ఆసుపత్రి గేటు దాకా పోయి వెనక్కొస్తున్నా."

అంతలో ముందు గది కిటికీ అద్దం భళ్ళున పగిలింది. ఎవరో అత్త పేరు పెట్టి బయటికి రమ్మన్నారు. ఆ గొంతులో తొందర లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"అక్కా, పెరట్లోంచి వెళ్ళిపో. ముందు తలుపుకి నేను తాళం వేస్తా" అన్నాడు నాన్న.

"తాళం మాట ఎత్తకురా" అంది అత్త, కొంగున కట్టుకున్న తాళంచెవిని గుప్పిట బిగించి.

అమ్మాయికి అత్త మీద కోపం తగ్గలేదు. తగ్గకూడదనీ తెలుసు. అయినా తనను పెంచిన ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయింది. లారీ డ్రైవర్ కొడుకు కూడా ఇలాంటి చేతుల్నే చూసి ఉంటాడు కదా అనుకుంది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఒక్కతే గేటు దగ్గరికి వెళ్ళింది. జనం ఇప్పుడు రోడ్డు ఇవతలికి వచ్చేశారు. ఆమె వాళ్ళ ముందే తడి కాగితాన్ని గోళ్ళతో గీకింది. ముందు అడ్రసు, తర్వాత తన వాక్యం. పైన రాసిన నేరాన్ని ముట్టుకోలేదు.

"ఎందుకు చింపుతున్నావ్?" అన్నాడు ముందున్నవాడు.

"రాసింది నేనే. ఆవిడ చేసిన పని నిజం. ఆసుపత్రికి వెళ్ళి దూకినామె ముందు ఒప్పుకుంటుంది, అటునుంచి పోలీసుల దగ్గరికి. నేనూ వెంట ఉంటాను."

ఎవరూ దారివ్వలేదు. ఎవరూ మీదికీ రాలేదు. ఆమె వెనక్కి వెళ్ళి అత్తను చెయ్యిపట్టి తీసుకొచ్చింది.

గడప దగ్గర అత్త ఆగి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టబోయింది. "నీ దగ్గరుంచు. ఆసుపత్రి గేటు దాకా పోయి మళ్ళీ వెనక్కొచ్చేస్తానేమో."

"నీ దగ్గరే ఉండనీ. ఆమెకి నువ్వే చూపించాలి" అంది అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ. "రెండో చెయ్యి నేను వదల్ను."

ఇద్దరూ తలుపు బార్లా తెరిచి ఉంచి, ఆ జనంలోకి దిగారు.