నీడూరి మంచినీళ్ళ బావి

నాగవేణి కూరగిన్నె దించి మూత పెట్టి, కళ్ళకు చూపుపట్టీ కట్టుకుని, చేతులకు వేలితొడుగులు వేసుకుని ఊళ్ళోకి వెళ్ళింది. వెళ్ళడమంటే గడప దాటడం కాదు. గదిలో ఒక మూల పరిచిన నడకచాప మీద నిలబడింది, అంతే. మరుక్షణం ఆమె పాదాల ముందు ఇసుకలంక ఊరి వీధి పరుచుకుంది. చేపల వలలు ఆరేసిన తాళ్ళు, సున్నం రాలిన గోడలు, దూరంగా సముద్రం.

నిజమైన ఇసుకలంకను ఆ సముద్రమే తినేసి చాలా ఏళ్ళయింది. ఏటా కొంత కొంత కోసుకుంటూ వచ్చి, చివరికి బడిని కూడా తీసుకుపోయాక, ఊరివాళ్ళందరినీ సర్కారు తీరానికి దూరంగా ఒక ఎత్తైన మేడలోకి చేర్చింది. దానికి పుస్తకాల్లో ఏదో పేరుంది కానీ జనం నిలువూరు అంటారు. చీటీలు తీసి ఇళ్ళు పంచారు కనుక, పాత ఊళ్ళో ఒకరి వీధిలోకి ఒకరు రానివాళ్ళు కూడా అక్కడ పక్కపక్కన గుమ్మాలు తెరుచుకున్నారు. లిఫ్టులో పలకరించుకుంటారు, దిగి ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటారు.

పోయిన ఊరిని మళ్ళీ కట్టుకోవడానికి ‘ఊరుకట్టు’ వచ్చింది. కంప్యూటర్ భాష ఒక్క ముక్క తెలియనివాళ్ళు కూడా ఆటలోకాలు తయారుచేసుకునేందుకు పుట్టిన పనిముట్టు అది. ఇల్లయినా, చెట్టయినా, పడవయినా గాలిలో చేత్తో పట్టుకుని పెట్టెయ్యవచ్చు. అయితే అలా పెట్టినది బొమ్మే. దానికి ఒక తాకుడు సూత్రం తగిలిస్తేనే పలుకువస్తువు అవుతుంది. తాకితే తలుపు తెరుచుకోవాలి, తాకితే గంట మోగాలి. ఆ సూత్రాన్ని రంగురంగుల పలకలు ఒకదాని కింద ఒకటి పేర్చి రాస్తారు. ‘తాకితే’ అన్న పలక కింద ఏం పెడితే ఆ వస్తువు అది చేస్తుంది. నిలువూరు జనమంతా కలిసి అలా కట్టుకున్న ఊరికి నీడూరు అని పేరు పెట్టారు. వంటలయ్యాక, పనుల్లోంచి వచ్చాక, సగం మేడ నీడూరులోనే ఉంటుంది.

రొయ్యల ఫ్యాక్టరీలో మంచులో చేతులు పెట్టి పెట్టి వేళ్ళు తిమ్మిరెక్కిపోయిన నాగవేణి, ఆ వేళ్ళతోనే సూత్రాలు పేర్చడం నేర్చుకుంది. మొదట తన తల్లి వాడిన మట్టిపొయ్యిని కట్టింది. ఎంత తాకినా అది వెలగలేదు. చూస్తే సూత్రం రాసింది కానీ పొయ్యికి తగిలించలేదు, అది వాకిట్లో అనాథలా పడి ఉంది. తగిలించాక దూరం ఎక్కువ పెట్టడంతో వీధిలో పోయేవాడు చెయ్యి ఊపినా పొయ్యి వెలిగింది. ఆ తర్వాత రెండుసార్లు తాకితే మంట మీద మంట లేచింది. ‘పని అయ్యేదాకా మళ్ళీ వినకు’ అన్న పలక చేర్చాక కానీ కుదురుకోలేదు. ఇవన్నీ ఓపిగ్గా నేర్పింది వసుధ. పాతికేళ్ళ పిల్ల. మేడ మీది అంతస్తుల్లో ఉండే విస్సంరాజు గారి మనవరాలు, నీడూరు నేర్పుడు కేంద్రంలో ఉద్యోగం.

ఆ రోజు నాగవేణి తన పొయ్యి వెలిగించి, తమ పేటలో నాలుగిళ్ళు చూసి, పడవల రేవుకు బయలుదేరింది. దారిలో ఊరి నడుమ విస్సంరాజు గారి ఇల్లు, ఇంటి ముందు మంచినీళ్ళ బావి. జనం చుట్టూ మూగి ఉన్నారు. తాకితే గిలక కిర్రుమంటూ తిరుగుతుంది, చేద దిగుతుంది, నీళ్ళతో పైకొస్తుంది. పాత ఊరి ఉప్పు నేలలో తియ్యటి నీళ్ళు ఉన్న బావి అదొక్కటే. నాగవేణి పెంకుటింటి గోడ వెనక సందులోంచి చుట్టు తిరిగి రేవుకు పోయింది. అలా పోయినట్టు ఆమెకే తెలియదు.

కానీ కావలికి తెలిసింది. నీడూరులో ఏ వస్తువు పలుకుతోంది, ఏది పలకడం లేదు అని కనిపెట్టి ఉండే యంత్రబుద్ధి పేరు కావలి. ఊరందరిదీ అనుకున్న వస్తువు కొన్ని కుటుంబాల చేతికి అసలు అందకపోతే, దాని సూత్రంలో లోపం ఉన్నట్టే లెక్క. గడువులోగా సరిచెయ్యకపోతే ఆ వస్తువును తీసేస్తుంది. నాగవేణివాళ్ళ దక్షిణపు పేటలోని ఒక్క ఇంటివాళ్ళు కూడా బావిని తాకలేదని కావలి గుర్తించి, బావి మీద ఎర్రగుర్తు పెట్టింది.

బావి కట్టింది వసుధే. తాతగారి కోసం కట్టింది. ఆయన కళ్ళు మసకబారాక నీడూరుకు వచ్చేది ఆ గిలక చప్పుడు వినడానికే. అందుకని ఆ పిల్ల కంగారుపడి సూత్రమంతా తిరగేసింది. తాకుడు దూరం పెంచింది. చేద మెరిసేలా చేసింది. ఇక్కడ తాకండి అని బాణం గుర్తు వేలాడదీసింది. పేటవాళ్ళు ఆ బాణాన్ని కూడా చూసి సందులోంచే పోయారు. చివరికి వసుధ నాగవేణి ఇంటికి వచ్చి, ఒక్కసారి తనతో బావి దగ్గరికి రమ్మని అడిగింది. మీ వేలితొడుగులతో తాకి చూపిస్తే తప్పెక్కడుందో పట్టుకుంటానంది.

ఇద్దరూ నీడూరులో బావి ముందు నిలబడ్డారు. వసుధ తాకింది, గిలక తిరిగింది. నాగవేణి చెయ్యి ఎత్తింది. చెయ్యి సగంలో ఆగిపోయింది. తాడు ఎదురుగానే ఉంది. అది కాంతితో చేసిన బొమ్మ అని ఆమెకు తెలుసు. అయినా మోచెయ్యి ముందుకు సాగలేదు.

“అందడం లేదా?” అని వసుధ అడిగింది. “దూరం ఇంకాస్త పెంచనా?”

“నీ సూత్రంలో తప్పేం లేదమ్మా,” అంది నాగవేణి. “తప్పు నా చేతిలో ఉంది. చెయ్యి చిన్నప్పుడే నేర్చేసుకుంది.”

ఆ తర్వాత చెప్పింది. గొంతు పెంచకుండా, కూర ఎలా వండాలో చెప్పినట్టు చెప్పింది. ఇలాంటివి దేశంలో ఇక లేవని పాఠ్యపుస్తకాల్లో రాసుకున్న రోజుల్లోనే, పేట ఆడవాళ్ళు ఆ బావి గట్టుకు ఎడంగా బిందెలు పెట్టుకుని నిలబడేవారు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా బయటికొచ్చి తోడి పైనుంచి పోస్తే పట్టుకోవాలి. రాకపోతే నిలబడాలి. ఒక ఎండాకాలం అలా తల్లి పక్కన నిలబడి నిలబడి దాహమేసి, ఏడెనిమిదేళ్ళ నాగవేణి గట్టెక్కి చేంతాడు పట్టుకుంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఇంటి కుర్రాడు లోపల్నుంచి కత్తి తెచ్చి, ఆమె పట్టుకున్న చోటికి పైన తాడు తెగ్గోసి, ముక్కంతా బావిలో పడేసి, కొత్త తాడు కట్టుకున్నాడు. అంతసేపూ తల్లి తలొంచుకుని అక్కడే ఉంది. అప్పుడు కూడా బిందె నింపుకునే ఇంటికెళ్ళారు. నీళ్ళు కావాలి కదా.

“ఆ కుర్రాడు…” అంది వసుధ.

“మీ తాతగారేనమ్మా.”

వసుధ చూపుపట్టీ తీసేసింది. ఆ సాయంత్రం తాతను అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి, అప్పట్లో అందరిళ్ళల్లోనూ అలాగే జరిగేదనీ, తాడు సంగతి తనకు గుర్తు లేదనీ అన్నాడు. అబద్ధం ఆడుతున్నట్టు లేదు. నిజంగానే గుర్తు లేదు. అదే ఆ పిల్లను ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు వచ్చి, బావిని తనే తీసేస్తానంది. నాగవేణి ఒప్పుకోలేదు.

“తీసేస్తే అసలు లేనట్టే అయిపోద్ది. ఆ నీళ్ళు మేమూ తాగామమ్మా. మా అమ్మ ప్రాణం సగం ఆ గట్టు కిందే పోయింది. ఉంచు. కాకపోతే ఉన్నది ఉన్నట్టు ఉంచు.”

వసుధ బావి సూత్రపు హక్కును నాగవేణి పేరుకు మార్చింది. “మీరే రాయండి,” అంది.

నాగవేణి పాత పలకలన్నీ తీసి పక్కన పెట్టింది. ‘తాకితే’ ఒక్కటే ఉంచింది. దాని కింద, తాడు తెగాలి. తెగిన ముక్క బావిలో పడాలి. పడిన చప్పుడు వినపడాలి. ఎవరు తాకితే అలా జరగాలి అని నిర్ణయించే పలక కూడా ఊరుకట్టులో ఉంది. ‘ఎవరు’ అన్న ఆ పలకలో ఇంటిపేర్ల పట్టీ తెరుచుకుంటుంది. ఆమె విస్సంరాజు గారి ఇంటిపేరు వెతికి పట్టుకుని, దాని మీద వేలు పెట్టి ఉంచింది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, ఆ ఇంటివాళ్ళకు మాత్రమే తాడు తెగుతుంది. ఆ వేలు అక్కడ ఉన్నంతసేపూ ఆమెకు సుఖంగానే అనిపించింది. దాచుకోవడం ఎందుకు. కానీ ఊళ్ళో ఇంకో గోడ తన చేత్తో కట్టినట్టవుతుంది. పలక తీసేసింది. ఎవరు తాకినా తెగాల్సిందే.

తర్వాత ‘ఆగు’ పలక పెట్టింది. తాడు తెగాక తాకినవాళ్ళు కొంతసేపు బావి దగ్గరే నిలబడాలి, ఆ సమయం గడిచేదాకా కొత్త తాడు రాదు, నీళ్ళు రావు. ఎంతసేపు ఆగాలి అన్న చోట ఆమె పెట్టిన వ్యవధి చూసి కావలి వెంటనే అడ్డం పడింది. ఇంతసేపయితే వాడుకదార్లు విసిగిపోతారు, తగ్గించండి అని గాలిలో పసుపు అక్షరాలు వెలిగాయి.

“విసిగిపోనీ,” అంది నాగవేణి, ఆ అక్షరాలను చేత్తో పక్కకు నెట్టి.

మొదట్లో గొడవయింది. బావి చెడిపోయిందని ఫిర్యాదులు వచ్చాయి. సరదాగా వచ్చినవాళ్ళం ఇలా నిలబడి ఉండాలా అని కొందరు కోపగించుకున్నారు. కానీ పిల్లలు మాత్రం మళ్ళీ మళ్ళీ తాకారు. తాడెందుకు తెగుతోంది, ఎందుకు నిలబడాలి అని పెద్దవాళ్ళను అడగడం మొదలుపెట్టారు. నిలబడినంతసేపూ చేసేదేమీ లేదు కనుక పెద్దవాళ్ళకు తప్పించుకునే దారి లేదు. కొందరు మాట మార్చారు, కొందరు నసిగారు, కొందరు చెప్పారు. ఆ మాట పేటకు చేరింది. ఒక సాయంత్రం పేట ఆడవాళ్ళు నలుగురు వచ్చి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, తాడు పట్టుకున్నారు. వాళ్ళ చేతుల్లోనూ అది తెగింది. అందరిలాగే నిలబడి, కొత్త తాడు వచ్చాక నీళ్ళు తోడుకున్నారు. పైనుంచి ఎవరూ పొయ్యకుండా, తమ చేతులతోనే తోడుకున్నారు. ఒకామె నవ్వింది, ఇంకొకామె ఏడ్చింది. బావి మీది ఎర్రగుర్తు పోయింది.

కావలికి మాత్రం అర్థం కాలేదు. ఊరంతటిలోకీ అతి నెమ్మదిగా పలికే వస్తువు దగ్గర అంతమంది ఎందుకు గుమిగూడుతున్నారో దాని లెక్కకు అందలేదు. అక్కడ జనం వస్తువుతో కన్నా ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడుతున్నారని, కారణం తెలియదని అది రాసుకుంది.

విస్సంరాజు చాలా రోజులు రాలేదు. సూత్రం మారిన సంగతి వసుధ ఆయనకు ముందే చెప్పింది. గిలక చప్పుడు లేకుండా ఆయన సాయంత్రాలు టీవీ ముందు కూర్చుని గడిపాడు. ఒకనాడు తనే చూపుపట్టీ కట్టమని అడిగాడు. వసుధ చెయ్యి పట్టుకుని బావి దాకా నడిచి, తాడు పట్టుకున్నాడు. అది తెగి, కింద ఎక్కడో నీళ్ళలో పడింది. ఆయన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

మిగతావాళ్ళలా ఆయన చిరాకుపడలేదు. నిలబడ్డాడు. కూర్చోలేదు. కాసేపటికి, కొత్త తాడు ఇంకా రాకముందే, నెమ్మదిగా అన్నాడు.

“కత్తి కొబ్బరికాయలు కొట్టేది. పిడికి గుడ్డ చుట్టి ఉండేది.”

ఆయన బావిలోకి తల వంచాడు.

“ఆ పిల్ల నాకేసి చూళ్ళేదు. వాళ్ళమ్మకేసి చూసింది.”

“వాళ్ళమ్మ పేరేంటి తాతయ్యా?” అని అడిగింది వసుధ.

ఆయన నోరు తెరిచాడు. పొద్దున్నే గట్టుకు ఎడంగా నిలబడే ఆ మనిషి చీర అంచు గుర్తొచ్చింది, నొక్కుపడిన బిందె గుర్తొచ్చింది. తనకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ అక్కడ నిలబడేది. ఏ రోజూ పేరు పెట్టి పిలిచింది లేదు. ఏయ్ అనే పిలిచేవారు. కొత్త తాడు వచ్చింది, గిలక తిరిగింది, నీళ్ళు పైకొచ్చాయి. ఆయన వాటిని ముట్టుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం నాగవేణి బియ్యం ఏరుకుంటూ ఉండగా గుమ్మం దగ్గర అలికిడయింది. విస్సంరాజు చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెంట ఎవరూ లేరు. నిలువూరుకు వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన ఆ అంతస్తులో లిఫ్టు దిగడం ఎవరూ చూడలేదు. ఆమె చేట పక్కన పెట్టి గబుక్కున లేచింది. లేచినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. లోపలికి రమ్మని అనలేదు, వద్దనీ అనలేదు.

ఆయన క్షమించమని అడుగుతాడేమో అనుకుంది. అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. చెప్పడం ఇష్టమో కాదో కూడా తెలియదు. ఆయన అది అడగలేదు. మసకకళ్ళతో ఆమె ఉన్న వైపు చూశాడు.

“మీ అమ్మ పేరేంటమ్మా?”

తల్లి పోయాక ఆ పేరు నాగవేణిని ఎవరూ అడగలేదు. చావు కాగితాల మీద తప్పు రాస్తే దిద్దించిన రోజు తర్వాత తనూ పైకి అనలేదు. చేతులు చీరకు తుడుచుకుంది.

“మరిడమ్మండి.”

“మరిడమ్మ,” అన్నాడాయన. సరిగ్గా విన్నానా అన్నట్టు ఆగాడు. ఆమె తలూపింది. ఆయనకు కనిపించలేదేమోనని, ఇంకోసారి చెప్పింది.